తిరుపతిలో సెకండ్ హ్యాండ్ కంప్యూటర్లు కొనేవాళ్ళకు జాగ్రత్త: "మా సొంత డెస్క్‌టాప్" అంటే డబ్బులిచ్చే ముందు ఈ మెనూ పరీక్ష చేయండి

బాలాజీ కాలనీ దగ్గర నాకొక చిన్న ఆన్‌లైన్ సర్వీసుల షాపు ఉంది. జిరాక్స్, అప్లికేషన్లు, హాల్ టికెట్లు, పాన్ కార్డులు, ఇవే పనులు. మే నెలలో ఊళ్ళోనే ఒక సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ల షాపులో ఐదు మెషిన్లు తీసుకున్నాను. ఒక్కొక్కటి 9,500. అది కాక మెషిన్‌కు 1,500 చొప్పున "డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్" అని బిల్లులో ఇంకో లైను. విండోస్ లైసెన్స్ ఖర్చుండదు, 2 జీబీ ర్యామ్‌లోనే పరిగెత్తుతుంది, మా వాళ్ళే సి ప్రోగ్రామింగ్ భాషలో రాశారు అన్నారు. షాపులో చూపించినప్పుడు నిజంగానే పరిగెత్తింది. నచ్చింది, తీసుకున్నాను.

ఆ షాపు పేరు ఇక్కడ రాయడం లేదు, గొడవ ఇంకా తేలలేదు. కానీ అదే డెస్క్‌టాప్ వేసి మెషిన్లు ఇప్పటికీ అమ్ముతున్నారు. కాలేజీలు తెరిచే రోజులు, పిల్లలకని కొనేవాళ్ళు చాలామంది ఉంటారు. అందుకే జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

ఈఏపీసెట్ కౌన్సెలింగ్ వెబ్ ఆప్షన్లు నడుస్తున్న రోజు. చంద్రగిరి నుంచి ఒక అమ్మాయి, వాళ్ళ నాన్న వచ్చారు. కాగితం మీద రాసుకొచ్చిన వరుస చూసుకుంటూ ఆ అమ్మాయి నలభై దాకా కాలేజీలు ఎక్కించింది, ఇంకా సేవ్ నొక్కలేదు. ర్యాంక్ కార్డు డౌన్‌లోడ్ అవుతున్న చిన్న విండో ఒకటి అడ్డంగా ఉందని దాని టైటిల్ బార్ మీద నేను రైట్ క్లిక్ చేశాను. మెనూ తెరుచుకుంది. సరిగ్గా అప్పుడే డౌన్‌లోడ్ పూర్తయి ఆ విండో దానంతటదే మూసుకుంది. మెనూ మాత్రం తెర మీద అలాగే నిలబడి ఉంది. మినిమైజ్ నొక్కాను. తెర నల్లబడింది. రెండు సెకన్లకు లాగిన్ పేజీ వచ్చింది. బ్రౌజర్ లేదు, ఆప్షన్లు లేవు.

"ఏం సామీ, బిడ్డ పెట్టిందంతా పాయనా?" అని ఆయన అడిగితే నా దగ్గర జవాబు లేదు. మళ్ళీ మొదటి నుంచి పెట్టించి, డబ్బులు తీసుకోకుండా పంపాను. ఇంకా ఒక రోజు గడువుంది కాబట్టి సరిపోయింది. ఆఖరి రోజు రాత్రి పదకొండింటికి ఇలా జరిగుంటే ఆ అమ్మాయి సీటు ఏమయ్యేదో అన్న టెన్షన్ నాకు ఆ రాత్రంతా పోలేదు.

అమ్మినవాళ్ళకు ఫోన్ చేస్తే ర్యామ్ పోయింది, తీసుకురండి అన్నారు. రెండు మెషిన్లకు కొత్త స్టిక్ వేసి, ఒక్కోదానికి 1,200 తీసుకున్నారు. మూడో రోజు మళ్ళీ అదే కథ. కాబట్టి ఎవరైనా ర్యామ్ అని చెబితే వెంటనే డబ్బులు ఇవ్వకండి. మెమ్‌టెస్ట్86 ప్లస్ అని ఉచితంగా దొరికే ప్రోగ్రాం ఉంది, దాన్ని పెన్ డ్రైవ్ నుంచి ఒక రాత్రంతా నడపండి. నేను ఐదింటిలోనూ నడిపాను, ఒక్క తప్పు కూడా చూపించలేదు. ర్యామ్ చెడిన మెషిన్ ఎప్పుడు, ఏ పని మధ్యలో పడిపోతుందో చెప్పలేం. ఐదు మెషిన్లూ ఒకే చోట, మెనూ తెరిచి ఉన్నప్పుడే పడిపోతున్నాయంటే తప్పు ప్రోగ్రాంలో ఉన్నట్టే.

నేను ఇక్కడే ఎస్వీ యూనివర్సిటీలో ఎంసీఏ చేసి, చెన్నైలో ఆరేళ్ళు సి లోనే ఉద్యోగం చేసి వచ్చినవాణ్ణి. అందుకే వదల్లేదు. ముందు ఆ ప్రోగ్రాం ఫైలులో ఉన్న అక్షరాలు బయటికి తీసి చూస్తే పాత ఓపెన్ సోర్స్ విండో మేనేజర్ (విండోలకు ఫ్రేములు, టైటిల్ బార్లు, మెనూలు పెట్టే ప్రోగ్రాం) ఒకదాని పేరు, పక్కనే జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్ మాట కనబడ్డాయి. మా వాళ్ళే రాశారన్నది పూర్తి నిజం కాదు. దాన్ని తీసుకుని మెనూలు మాత్రం మార్చారు. జీపీఎల్ వెర్షన్ 2 ప్రకారం ప్రోగ్రాం ఇచ్చినవాళ్ళు సోర్స్ కోడ్ కూడా ఇవ్వాలి, లేదంటే అడిగితే ఇస్తామని మూడేళ్ళు చెల్లే హామీ రాసివ్వాలి. ఈ మాట కాగితం మీద రాసి ఇచ్చాక కూడా రెండు వారాలు తిప్పి, చివరికి పెన్ డ్రైవ్‌లో వేసిచ్చారు.

కోడ్ తెరిచి చూస్తే రెండు గంటల్లో విషయం తెలిసిపోయింది. తెర మీద కొత్త విండో వచ్చిన ప్రతిసారీ విండో మేనేజర్ దాని వివరాలు పెట్టుకోవడానికి మెమరీలో ఒక ముక్క తీసుకుంటుంది. టైటిల్, సైజు, ఫ్రేమ్ అన్నీ అందులోనే ఉంటాయి. విండో మూసుకోగానే ఆ ముక్కను ఫ్రీ చేస్తుంది, అంటే వేరే పనికి వాడుకోవచ్చని వదిలేస్తుంది. అంతవరకు బాగానే ఉంది. కానీ వీళ్ళు మార్చిన మెనూలో ప్రతి వరుసా ఆ ముక్క అడ్రసును, అంటే పాయింటర్‌ను, దాచుకుంటుంది. విండోను తీసేసే ఫంక్షన్ చదివాను. లిస్టులోంచి తీస్తుంది, టైటిల్ ఫ్రీ చేస్తుంది, ఫ్రేమ్ పీకేస్తుంది, చివర్లో ముక్కను ఫ్రీ చేస్తుంది. ఈ విండో మీద మెనూ ఏదైనా తెరిచి ఉందా అని అడిగే లైను అందులో ఒక్కటి కూడా లేదు.

తిరుపతిలో గది సంగతి చెబితే ఇది ఎవరికైనా అర్థమవుతుంది. మీ దగ్గర గది నంబరు రాసిన చీటీ ఉంది. ఆ గదిలోవాళ్ళు ఖాళీ చేసి వెళ్ళిపోయారు, చీటీ మాత్రం మీ జేబులోనే ఉంది. అది చూసుకుని వెళ్ళి తలుపు కొడితే గది ఖాళీగా ఉండొచ్చు, తాళం వేసి ఉండొచ్చు, లేదా ఇంకెవరో కుటుంబం దిగి ఉండొచ్చు. పైగా ఈ మెషిన్లలో విండోస్ బదులున్న లైనక్స్‌లో, ప్రోగ్రాంలకు మెమరీ పంచే జీలిబ్‌సి అనే లైబ్రరీ, ఇప్పుడే ఖాళీ అయిన ముక్కనే అదే సైజు అడిగిన తర్వాతివాళ్ళకు ముందుగా ఇస్తుంది. 2017లో వచ్చిన 2.26 వెర్షన్ నుంచి టీక్యాష్ అనే ఏర్పాటు ఈ పని చేస్తోంది. అంటే ఒక విండో మూసి వెంటనే ఇంకోటి తెరిస్తే, కొత్తది పాతదాని గదిలోనే దిగే అవకాశం ఎక్కువ.

మా షాపులో ఇదే కళ్ళారా చూశాను. మూసుకుపోయిన విండో మెనూలో క్లోజ్ నొక్కితే, అప్పుడే తెరిచిన పాన్ కార్డు ఫారం మూసుకుపోయింది. మెషిన్ పడిపోవడం కంటే ఇది నాకు ఎక్కువ భయం కలిగించింది. పడిపోతే కనీసం తెలుస్తుంది. ఇక్కడ వేరేవాళ్ళ పని చెడిపోతుంది, మనమే ఏదో తప్పు నొక్కామనుకుంటాం.

విండోల లిస్టు చూపించే మెనూలో ఇదే జబ్బు ఇంకో రూపంలో ఉంది. అక్కడ టైటిల్ అక్షరాలను కాపీ చేసుకోకుండా నేరుగా విండో టైటిల్‌నే చూపిస్తున్నారు. బ్రౌజర్‌లో పేజీ మారితే టైటిల్ మారుతుంది, పాత అక్షరాలు ఫ్రీ అవుతాయి. మెనూ తెరిచి ఉండగా ఇలా జరిగితే, దాని మీద మౌస్ తిప్పగానే "ఫీజు చెల్లింపు" అని ఉండాల్సిన చోట డబ్బాలు, పిచ్చి గుర్తులు వస్తాయి. అమ్మినవాళ్ళను అడిగితే తెలుగు ఫాంటు సమస్య అన్నారు. ఫాంటుకూ దీనికీ సంబంధమే లేదు.

నా మాట వాళ్ళు నమ్మలేదు. అందుకని ఆ కోడ్‌ను మెమరీ తప్పులు పట్టే అడ్రస్ శానిటైజర్‌తో కంపైల్ చేసి, తెరలో తెర లాంటి జెఫిర్ అనే ప్రోగ్రాంలో నడిపి, ఫ్రీ చేసిన మెమరీని మళ్ళీ ముట్టుకుంటున్నారన్న రిపోర్టు తీశాను. మెమరీ ఎక్కడ తీసుకున్నారు, ఎక్కడ ఫ్రీ చేశారు, ఆ తర్వాత ఎక్కడ ముట్టుకున్నారు, మూడూ లైను నంబర్లతో సహా అందులో ఉంటాయి. ప్రింటు తీసి చేతికిచ్చాను.

వారం తర్వాత "అప్‌డేట్" ఇచ్చారు. మెషిన్లు పడిపోవడం ఆగింది. కొత్త కోడ్ చూస్తే వాళ్ళు చేసింది ఒక్కటే, ఫ్రీ చేసే లైన్లన్నీ కామెంట్‌లో పెట్టేశారు, అంటే అవి పనిచేయకుండా ఆపేశారు. గది ఖాళీ అయినా ఎవరికీ ఇవ్వరన్నమాట. విండో వివరాల ముక్కలు చిన్నవి, వాటితో పెద్ద నష్టం లేదు. కానీ మెనూ తెరిచిన ప్రతిసారీ దాని బొమ్మ కోసం ఎక్స్ సర్వర్‌లో (తెర మీద విండోలను గీసే ప్రోగ్రాంలో) తీసుకునే పిక్స్‌మ్యాప్ అనే మెమరీని కూడా వదిలిపెట్టడం మానేశారు. 250 పిక్సెల్స్ వెడల్పు, 400 ఎత్తు ఉన్న మెనూకు పిక్సెల్‌కు నాలుగు బైట్ల లెక్కన నాలుగు లక్షల బైట్లు. మా షాపులో రోజుకు మూడు వందల సార్లయినా మెనూ తెరుస్తాం, అంటే సుమారు 120 ఎంబీ. 2 జీబీ మెషిన్ ఎన్ని రోజులు ఓర్చుకుంటుంది? నాలుగో రోజుకు టైపు చేసిన అక్షరం తెర మీదికి రావడానికి రెండు సెకన్లు పట్టింది. మళ్ళీ ఫోన్ చేస్తే వచ్చిన సలహా, ఇంకో 2 జీబీ ర్యామ్ వేయించుకోండి అని!

సి లో రాయడం తప్పు కాదు, దయచేసి అలా అనుకోకండి. డీడబ్ల్యూఎం అనే విండో మేనేజర్ సి లోనే ఉంది, రెండు వేల లైన్లు దాటకూడదని పెట్టుకుని రాశారు. ఓపెన్‌బాక్స్ అనే ఇంకో విండో మేనేజర్ కూడా సి లోదే, మెనూలు దానికి ప్రాణం. మెమరీలో తీసుకున్న ముక్క ఎప్పటిదాకా బతికి ఉంటుందో, దాన్ని ఎవరెవరు పట్టుకుని ఉన్నారో సి లో రాసేవాళ్ళే లెక్క చూసుకోవాలి. విండో పోతున్నప్పుడు దాని మీద తెరిచిన మెనూను కూడా మూసేయొచ్చు. లేదా మెనూలో పాయింటర్ బదులు విండో నంబరు పెట్టుకుని, నొక్కినప్పుడు అది ఇంకా లిస్టులో ఉందా అని వెతకొచ్చు. రెఫరెన్స్ కౌంట్, అంటే ఆ ముక్కను ఎంతమంది పట్టుకుని ఉన్నారన్న లెక్క, పెట్టినా సరే, కానీ దానితో పాటు విండో పోయిందని చెప్పే గుర్తు కూడా ఉండాలి, లేకపోతే మెమరీ బతికి ఉన్నా అందులో ఉన్నది చచ్చిన విండో వివరమే. ఇంకొకటి, పోయిన విండో మీద పని చెబితే ఎక్స్ సర్వర్ బ్యాడ్‌విండో అని తప్పు చూపిస్తుంది. ఎక్స్ సర్వర్‌తో మాట్లాడే ఎక్స్‌లిబ్ అనే లైబ్రరీ మామూలుగా అయితే ఆ తప్పు రాగానే ప్రోగ్రాంనే ముగించేస్తుంది. విండో మేనేజర్ రాసేవాళ్ళు మొదటి రోజే దీనికి సొంత ఎర్రర్ హ్యాండ్లర్ (తప్పు వస్తే ఏం చేయాలో చెప్పే ఫంక్షన్) పెట్టుకోవాలి. వీళ్ళు మార్చినప్పుడు దాన్ని కూడా పీకేశారు.

ఇప్పుడు కొనే ముందు చేయాల్సిన పరీక్ష. షాపులోనే, వాళ్ళ ముందే చేయండి. ఐదు సెకన్ల తర్వాత దానంతటదే మూసుకునే టెర్మినల్ విండో (కమాండ్లు టైపు చేసే విండో) ఒకటి తెరవండి, స్లీప్ 5 ఇచ్చి ఆ వెంటనే ఎగ్జిట్ అయ్యేలా. ఈలోగా దాని టైటిల్ బార్ మీద రైట్ క్లిక్ చేసి మెనూ తెరిచి పెట్టండి. విండో పోవాలి. మెనూ కూడా దానితోనే పోతే మంచిది. మెనూ నిలబడి ఉంటే అందులో క్లోజ్ నొక్కండి, ఏమీ జరగకూడదు. తెర నల్లబడినా, ఇంకో విండో మూసుకున్నా ఆ మెషిన్ వద్దు. ఒక్కసారి చేసి సరే అనుకోకండి, కనీసం పదిసార్లు చేయండి. ఫ్రీ అయిన మెమరీలో పాత వివరాలు కొంతసేపు చెక్కుచెదరకుండా ఉంటాయి కాబట్టి తప్పున్నా చాలాసార్లు పని జరిగిపోతుంది. నాకు వాళ్ళ షాపులో బాగా కనబడింది కూడా అందుకే.

ఇప్పటికే కొన్నవాళ్ళు వెంటనే చేసుకోగలిగింది ఒకటుంది. విండో మేనేజర్ పడిపోయినంత మాత్రాన బ్రౌజర్ పోనక్కర్లేదు, ఎందుకంటే విండోలు ఎక్స్ సర్వర్ దగ్గర ఉంటాయి. మా మెషిన్లలో లాగిన్ అవగానే నడిచే సెషన్ స్క్రిప్టు చివరి లైనుగా విండో మేనేజర్‌ను పెట్టారు, అది పోగానే సెషన్ మొత్తం ముగిసిపోతోంది. ఆ లైను తీసి, అది పడిపోతే మళ్ళీ లేపే చిన్న లూప్ పెట్టాను. ఇప్పుడు పడిపోయినా టైటిల్ బార్లు ఒకసారి మెరిసి తిరిగి వస్తాయి, టైపు చేసింది అలాగే ఉంటుంది. నాలుగు మెషిన్లలో ఇది కూడా తీసేసి డెబియన్ లైనక్స్, ఓపెన్‌బాక్స్ వేసుకున్నాను. అదే 2 జీబీలో హాయిగా నడుస్తున్నాయి.

డబ్బుల సంగతి. షాపు కోసం కొన్నావు కాబట్టి వినియోగదారుల చట్టం నీకు వర్తించదు అని నాతో అన్నారు. అది తప్పు. 2019 చట్టంలో స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే కొని వాడుకునేవాళ్ళను వినియోగదారులుగానే చెప్పారు. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు కేసుకు ఫీజు లేదు, గడువు రెండేళ్ళు.

ఐదో మెషిన్‌ను మాత్రం ముట్టుకోలేదు. వాళ్ళిచ్చిన డెస్క్‌టాప్‌తోనే, ఆ అప్‌డేట్ కూడా వేయకుండా, కవరు కప్పి మూలన పెట్టాను, కమిషన్ ముందు ఆ మెనూ తెరిచి చూపించడానికి. మీ బిల్లులో కూడా "డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ 1,500" అని లైను ఉంటే, కోపంలో అన్నీ ఫార్మాట్ చేయించకండి. ఒక్కటైనా అలాగే ఉంచండి.