ఆ సీగల్ ఫొటో చూసి లెన్స్ కొనకండి

రెక్కలు బార్లా చాపి, ముక్కున చేప పట్టుకుని, ఈకలన్నీ లెక్కపెట్టుకునేంత షార్ప్‌గా ఉన్న సీగల్ ఫొటో పెట్టి సెకండ్ హ్యాండ్ లెన్సులు అమ్మే మహానుభావుడు ఎవరో ఇక్కడ పక్షుల ఫొటోలు తీసేవాళ్ళకి చెప్పక్కర్లేదు. నిన్న అదే ఫొటోతో ఇంకో లెన్స్ అమ్మకానికి పెట్టాడు. అందుకే ఒళ్ళు మండి రాస్తున్నా.

అతని దగ్గర నేను కొన్నది 150-600 జూమ్, అంటే 150 నుంచి 600 మిల్లీమీటర్ల దాకా లాగి దూరపు పక్షిని దగ్గరగా చూపించే లెన్స్. 58,000 రూపాయలు, అదీ బేరమాడి. "అన్నా, బీరువాలోంచి బయటికి తీసిందే తక్కువ" అన్నాడు. చెక్ చేసుకోమని ఎదురుగా ఉన్న షాపు బోర్డుని ఫొటో తీయించాడు. మిట్టమధ్యాహ్నం, కదలని బోర్డు! బాగానే వచ్చింది మరి, రాక ఏం చేస్తుంది?

మర్నాడు పొద్దున్నే కాకినాడ కుంభాభిషేకం రేవుకి వెళ్ళా. బోట్ల మీద వలలు దులుపుతున్నారు, సీగల్స్ ముసిరాయి. షటర్ సెకనులో 1/2500 వంతు, కదిలే పక్షి వెంటే తిరిగే కంటిన్యువస్ ఫోకస్, వరసగా ఫొటోలు కొట్టే బర్స్ట్ మోడ్, అన్నీ సరిగ్గానే పెట్టా. 300 దాకా ఫర్వాలేదు. 600కి లాగితే ఫోకస్ జర్రుమని ముందుకీ వెనక్కీ తిరుగుతూనే ఉంది, ఈలోపు పక్షి బోటు దాటి పోతోంది. ఇంటికొచ్చి రా ఫైళ్ళు (కెమెరా ఏ మార్పూ చెయ్యకుండా దాచినవి) తెరిస్తే వెనకాల బోటు తాడు మాత్రం పోగులతో సహా కనిపిస్తోంది. పక్షి కన్ను ఉండాల్సిన చోట మరక! ఎక్స్‌పోజర్ (వెలుతురు) సరిపోయింది, ఎడిటింగ్‌లో మరీ తెల్లగా ఉన్న భాగాల్ని తగ్గిస్తే తెల్ల రెక్కలో ఈకల వరుసలు తేలాలి. తేలింది పిండిముద్ద. షార్ప్‌నింగ్ పెంచితే రెక్క చుట్టూ తెల్లటి గీత, నాయిస్ (ఫొటోలో గరుకు చుక్కలు) తగ్గిస్తే ఉన్న కాస్త వివరమూ మాయం. ఎడిటింగ్‌లో బాగుచేసుకోవచ్చులే అనుకునేవాళ్ళు వినండి, ఫోకస్ తప్పిన కన్ను ఏ స్లైడర్ జరిపినా తిరిగి రాదు.

ఫోన్ చేశా. డబ్బు పడేదాకా "అన్నా", ఇప్పుడు "సార్" అయిపోయా.

"ఎగిరే పక్షిని తీస్తే బ్లర్ రాక ఏమొస్తుంది సార్? కూర్చున్నవి తీసుకోండి."

నేను తీసేదే ఎగిరేవి, ఆ ముక్క కొనేముందే చెప్పానంటే నవ్వాడు. నవ్వి, "మీకు ఇంకా చెయ్యి తిరగలేదు సార్, ప్రాక్టీస్ చెయ్యండి" అన్నాడు. చెయ్యి తిరగలేదట! ఆ నవ్వు ఇంకా చెవిలో ఉంది.

అప్పుడు అనుమానమొచ్చి, అతను వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపిన ఆ సీగల్ ఫైల్ వివరాలు తెరిచా. ఫోకల్ లెంగ్త్ 600, అపర్చర్, అంటే లెన్స్ తెరుచుకున్న కొలత, ఎఫ్ 4. ఈ అంకె ఎంత తక్కువైతే అంత ఎక్కువ తెరుచుకున్నట్టు. నాకు అమ్మిన లెన్స్ 600 దగ్గర ఎఫ్ 6.3 కంటే ఎక్కువ తెరుచుకోదు! అంటే ఆ ఫొటో లక్షల ఖరీదు చేసే వేరే లెన్స్‌తో తీసింది. స్క్రీన్‌షాట్ పంపిస్తే వచ్చిన జవాబు ఇది: "ఫొటో నేనే తీశా కదా బ్రదర్, ఏ లెన్స్ అయితే ఏంటి?" తర్వాత బ్లాక్.

రిపేరు షాపులో జూమ్ రింగు మీది రబ్బరు పట్టీ ఊడదీస్తే కింద తెల్లటి పొడి, ఉప్పు. కెమెరాకి బిగించే మౌంటు దగ్గర స్క్రూలకి తుప్పు. బీరువాలో సముద్రం ఉందేమో మరి. ఫోకస్ మోటారు మార్చాలన్నారు, ఆ ఖర్చు విన్నాక నోట మాట రాలేదు. పార్ట్ వచ్చేసరికి ఈ సీజనూ పోతుంది. శీతాకాలమంతా తెల్లగా ఉన్న సీగల్స్ తలలు ఇప్పుడిప్పుడే గోధుమరంగు తిరుగుతున్నాయి, ఆ రంగు పూర్తిగా వచ్చేసరికి అవి లడఖ్, టిబెట్ వైపు వెళ్ళిపోతాయి. ఏడాదంతా నేను ఎదురుచూసింది ఈ కొద్ది వారాల కోసమే.

కొనేవాళ్ళు బోర్డుల ఫొటోలు తీసి మురిసిపోకండి. 600కి లాగి, కాకో పావురమో ఎగురుతుంటే తీసి, లాప్‌టాప్‌లో నూటికి నూరు శాతం జూమ్ చేసి కన్ను చూడండి. టార్చి వేసి లోపల ఫంగస్ ఉందేమో చూడండి, స్క్రూలు చూడండి. శాంపిల్ ఫొటో అడిగితే ఒరిజినల్ ఫైలే అడగండి. అవన్నీ అయ్యాకే యూపీఐ పిన్ కొట్టండి.