చెక్క మనిషి ముందు మోచేయి: ఏడాది వాడాక నా అభిప్రాయం

హాంకాంగ్‌లో ఉద్యోగం చేస్తూ వింగ్ చున్ అనే చైనా యుద్ధవిద్య నేర్చుకుంటున్న నేను, ఇంట్లో సాధన కోసం టేకుతో చేసిన ముక్ యాన్ జోంగ్‌ను, అంటే చెక్క మనిషిని, కొని ఏడాది దాటింది. ఒక మొద్దు, దానికి మూడు చేతులు, మోకాలి దగ్గర వంగిన ఒక కాలు, గోడకు బిగించిన చట్రంలో మొద్దును నిలిపే రెండు అడ్డ పట్టీలు: చూడటానికి ఇంతే. పూర్వం దక్షిణ చైనాలోని ఫోషాన్‌లో మొద్దును నేలలో పాతేవారు. ఇరుకు ఇళ్ల హాంకాంగ్‌కు పట్టీల చట్రమే కుదిరింది. వింగ్ చున్ గురువు ఇప్ మాన్ ఇక్కడ బోధించిన పరంపరలో దీనిపై చేసే వరుసలో 116 కదలికలు ఉంటాయి.

నాకు దీని విలువ తెలిసింది బాంగ్ సావ్ అనే అడ్డుకునే భంగిమ దగ్గర. ఆ భంగిమలో మోచేయి మణికట్టు కంటే ఎత్తుగా ఉండి ముంజేయి కిందికి వాలుతుంది, కాని భుజం మాత్రం లేవకూడదు. గాలిలో చేసినంత కాలం నాది బాగానే ఉందనుకున్నాను. చెక్క చేయి నా ముంజేతికి తగిలిన మొదటి వారంలోనే భుజం చెవి దాకా ఎగిరి వచ్చింది, ఎందుకంటే మోచేయి శరీరపు మధ్యరేఖ వదిలి పక్కకు జారినప్పుడు బరువంతా భుజపు కండరాల మీదే పడుతుంది. మోచేతిని ఛాతీ ముందుకు తెచ్చి, మోకాళ్లు వంచి, నడుమును చేతితో పాటు తిప్పినప్పుడు అదే బరువు వెన్ను మీదుగా కటిలోకి, అక్కడి నుంచి పాదాల్లోకి దిగుతుంది. అరచేయి పైకి ఉంచి అడ్డుకునే తాన్ సావ్‌లో కూడా మోచేతికీ పక్కటెముకలకూ మధ్య పిడికిలి పట్టేంత ఎడం మిగలకపోతే చేయి నలిగిపోతుంది.

ఈ తేడాను చెక్క మనిషి చప్పుడుతో చెబుతుంది. చేతి బలంతో మాత్రమే కొడితే చెక్క చేయి టకటకమంటుంది, మొద్దు కదలదు. ఒళ్లంతా కలిసి వస్తే మొద్దు పట్టీల మీద వెనక్కి జరిగి, దబ్బుమని, మళ్లీ ముందుకు వస్తుంది. ఆ తిరిగి వచ్చే తోపును తట్టుకుని నిలబడటమే అసలు పాఠం. అందుకే కదలకుండా బిగించిన నమూనాలను నేను ఎవరికీ సూచించను.

పై రెండు చేతులు మొద్దు లోపల ఒకదానినొకటి దాటుకుని వెళ్తాయి కాబట్టి ఒకటి కాస్త ఎత్తులో ఉంటుంది. సమాన ఎత్తులో అమర్చినవీ దొరుకుతాయి గాని, నాకు పాత పద్ధతే నచ్చింది, ఎందుకంటే నా రెండు చేతులూ వేర్వేరు ఎత్తులు వెతుక్కోవలసి వస్తోంది.

లోపాలు లేకపోలేదు. అమ్మినవారు నా ఎత్తు అడగకుండానే చట్రం బిగించి వెళ్లారు. పై చేతులు నా భుజాల కంటే బాగా కిందికి ఉండటంతో నెల రోజులు వంగి సాధన చేసి, నడుము నొప్పి తెచ్చుకున్నాక చట్రాన్ని పైకి జరిపించాను. వసంతకాలపు తేమకు చెక్క ఉబ్బి చేతులు రంధ్రాల్లో బిగుసుకుంటాయి, చలికాలంలో వదులవుతాయి, అప్పుడు వెనక చీలలు ఊడి పడతాయి. మధ్య చేయి మరీ వదులుగా ఉంటే, మొద్దులోకి దూరే చదరపు భాగానికి పలుచని తోలు చుట్టాను. చేయి కొంత కదిలే వీలు ఉండాలి కాబట్టి, ఒక్క చుట్టుతోనే ఆపాను.