గ్వాడల్‌కెనాల్‌లో గేటు గేటుకీ ఫీజు, అయినా మోసం గేటు దగ్గర లేదు

పసిఫిక్‌లో సోలమన్ దీవుల దేశానికి చెందిన గ్వాడల్‌కెనాల్‌లో రెండో ప్రపంచ యుద్ధపు ఆనవాళ్ళు చూసొచ్చినవాళ్ళందరి నోటా ఒకటే ఫిర్యాదు: ఎక్కడ బండి ఆపినా ఎవరో ఒకరు వచ్చి డబ్బులడుగుతారని. నిజమే, అడుగుతారు. కానీ జేబు ఖాళీ చేసేది వాళ్ళు మాత్రం కాదు. రాజధాని హొనియారా హోటళ్ళలో కౌంటరు పెట్టుకుని, అమెరికా డాలర్లలో 'యుద్ధ యాత్ర, ఒక రోజు' అని అమ్మే ప్యాకేజీ ఆ పని చేస్తుంది. అందులో వ్యానూ, నీళ్ళ సీసా, ఎండిపోయిన శాండ్‌విచ్ ఉంటాయి. గేటు ఫీజులు లెక్కలో లేవన్న సంగతి బండి ఊరు దాటాక చెబుతారు. రెండో గేటుకి తోడొచ్చినవాళ్ళ ముఖాలు మాడతాయి, మూడో గేటుకి ఎవరూ బండి దిగరు.

దానికి బదులు టాక్సీ మాట్లాడుకోండి. మీటరు ఉండదు, కిలోమీటరుకి 10 సోలమన్ డాలర్లన్నది ఊళ్ళో నడిచే లెక్క. ఒక సోలమన్ డాలరంటే సుమారు పది రూపాయలు. పడమర దిక్కున యుద్ధ విమానాలు పెట్టిన విలు మ్యూజియం ఊరికి 25 కిలోమీటర్ల దూరం, రానూపోనూ 500 డాలర్లు. వెయిటింగ్‌కి ఎంతో ఎక్కేముందే తేల్చుకోవాలి, దిగాక మాట్లాడితే బేరం మీ చేతిలో ఉండదు. నలుగురు పంచుకుంటే తలా పన్నెండొందల రూపాయల చిల్లర, వెయిటింగ్ వేరు.

ఇక ఫీజుల సంగతి. అక్కడ వాటిని కస్టమ్ ఫీజు అంటారు. దేశంలో ఎనభై శాతానికి పైగా భూమి వంశాల ఉమ్మడి ఆస్తి. మీరు ఫొటో తీసుకునే విమానం, ఈతకొట్టే తీరం, నడిచే తోట ఎవరో ఒకరి కుటుంబానివే. గడ్డి కోసేదీ, దారి బాగుచేసేదీ వాళ్ళే. కాబట్టి అడగడం న్యాయమే. చిక్కల్లా ఒకే స్థలం మీద ఇద్దరు హక్కు చెప్పినప్పుడు వస్తుంది. ఒకరికి కట్టి లోపలికి వెళితే ఇంకొకరు ఎదురవుతారు. అందుకే దిగగానే కెమెరా తీయకుండా, ఇక్కడ చూసుకునేదెవరని డ్రైవరు చేత అడిగించండి. అందరి ముందూ డబ్బు ఇవ్వండి, పుస్తకం ఉంటే పేరు రాయండి. 20, 50 డాలర్ల నోట్లు విడిగా పెట్టుకోండి. వంద ఇస్తే చిల్లర రాదు, అది మోసమూ కాదు, వాళ్ళ దగ్గర చిల్లర ఉండదంతే. ఏటీఎంలు హొనియారా దాటితే మరిచిపోవచ్చు.

పడమర దారిలో పొద్దున ఏడుకల్లా బయల్దేరి ముందు బొనేగీ తీరాలు చూడాలి. మధ్యాహ్నానికి గాలి లేచి నీళ్ళు కలకబారతాయి, రాత్రి గట్టి వాన పడితే ఏటి బురదంతా అక్కడికే వస్తుంది. 1942 నవంబరు 15న జపాన్ నాలుగు రవాణా ఓడలను కావాలనే ఈ తీరానికి ఎక్కించింది, సైనికులనూ బియ్యాన్నీ ఎలాగైనా ఒడ్డుకి చేర్చాలని. వాటిలో కినుగావా మారు ఇనుప ముక్క ఇప్పటికీ నీటి పైకి కనిపిస్తుంది. హిరొకావా మారు ఒడ్డు పక్కనే మూడు మీటర్ల లోతులో మొదలై యాభై మీటర్లు దాటి దిగుతుంది. స్కూబా రానివాళ్ళకి మాస్కూ స్నోర్కెలూ చాలు. ప్యాకేజీలు ఇక్కడ ఇరవై నిమిషాలే ఆపుతాయి, గంటన్నర కావాలి. కాళ్ళకి రబ్బరు చెప్పులు వదలకండి, తుప్పు పట్టిన రేకు చాకులా కోస్తుంది. టెటనస్ ఇంజెక్షను ఇంటి దగ్గరే చేయించుకు రావాలి.

విలు మ్యూజియానికి మనిషికి 100 డాలర్లు. కప్పు లేదు, కొబ్బరిచెట్ల మధ్య గడ్డిలో విమానాలు నిలబెట్టారు. అమెరికా యుద్ధ విమానాలైన వైల్డ్‌క్యాట్, కోర్సెయిర్, డాంట్‌లెస్, లైట్నింగ్ ముక్కలు, పక్కన జపాన్ హోవిట్జర్ ఫిరంగులు. ఓడల మీద చోటు కలిసిరావాలని వైల్డ్‌క్యాట్ రెక్కలు వెనక్కి మడిచేలా చేశారు. ఎనభై ఏళ్ళు దాటినా ఆ మడత పనిచేస్తుంది, అడిగితే కాపలా మనిషి మడిచి చూపిస్తాడు. ఈ ఒక్కదానికే వంద ఇవ్వొచ్చు. వివరాల బోర్డులు దాదాపు లేవు, చదువుకోకుండా వెళితే ఇనుప సామాను చూసినట్టే ఉంటుంది. దోమల మందు కాళ్ళకీ పూసుకోవాలి, ఈ దీవిలో మలేరియా గట్టిగానే ఉంది. మాత్రల సంగతి ప్రయాణానికి ముందే డాక్టరుతో మాట్లాడండి.

తూర్పు దిక్కు ఇంత దట్టంగా ఉండదు. మీరు దిగిన విమానాశ్రయమే అసలు హెండర్సన్ ఫీల్డ్. ఆ రన్‌వే కోసమే 1942 ఆగస్టు 7 నుంచి మరుసటి ఫిబ్రవరి దాకా అమెరికా, జపాన్ సైన్యాలు కొట్టుకున్నాయి. దక్షిణాన బ్లడీ రిడ్జ్ గుట్ట మీద చూడ్డానికి గడ్డి తప్ప పెద్దగా ఏమీ లేదు. కానీ అక్కడ నిలబడితే రన్‌వే ఎంత దగ్గరో కంటికి ఆనుతుంది, 1942 సెప్టెంబరులో ఆ గుట్ట కోసం జరిగిన పోరు అర్థమవుతుంది. టెటెరె తీరంలో తుప్పు పట్టిన ఉభయచర వాహనాల లోంచి చెట్లు మొలిచాయి. ఫొటోలకి బాగుంటుంది, టైము లేకపోతే వదిలెయ్యొచ్చు.

ఊళ్ళో స్కైలైన్ గుట్ట మీద అమెరికా స్మారకం ఉంది. 1992లో, యాభయ్యేళ్ళ సందర్భంగా కట్టారు. ఎర్రరాతి పలకల మీద ఏ ఓడ ఎప్పుడు మునిగిందో వరసగా చెక్కారు, ముందు ఇక్కడికి వస్తే మిగతావన్నీ అర్థమవుతాయి. ఆస్టెన్ కొండ మీది జపాన్ స్మారకం తెల్లటి కాంక్రీటు, మాటలు తక్కువ. ఆకలితో, జబ్బులతో చచ్చిపోయిన వేలమంది కోసం జపాన్ నుంచి వచ్చేవాళ్ళు అక్కడ పూజలు చేస్తారు. గట్టిగా మాట్లాడుతూ సెల్ఫీలు తీసుకునే చోటు కాదు. స్థానికులకి మాత్రం 2011 దాకా ఎదురుచూపే మిగిలింది. ఊళ్ళో పాయింట్ క్రూజ్ దగ్గర స్కౌట్ల (దారి చూపి, వేగు చూసిన స్థానికులు), కోస్ట్‌వాచర్ల (తీరాల్లో దాక్కుని శత్రువు కదలికలు చేరవేసినవాళ్ళు) స్మారకం ఆ ఏడాది వచ్చింది. జపాన్ సైనికుల బాయొనెట్ పోట్లతో పాక్కుంటూ వచ్చి అమెరికా మెరీన్ సైనికులకి దాడి కబురు అందించిన స్కౌట్ జేకబ్ వూజా ఈ దీవివాడే. ఈ స్మారకం చాలా ప్యాకేజీల్లో లేదు, నడిచి వెళ్ళొచ్చు, ఫీజూ లేదు.

తిండి విషయంలో హోటలు బఫే దండగ, సెంట్రల్ మార్కెట్‌కే వెళ్ళండి. కర్రపెండలం తురిమి కొబ్బరిపాలు పోసి, ఆకుల్లో చుట్టి వేడి రాళ్ళ మీద ఉడికించిన పుడ్డింగు చవక, కడుపు నిండుతుంది. స్లిపరీ క్యాబేజీ అని అమ్మేది క్యాబేజీయే కాదు, బెండ జాతి ఆకుకూర. ఉడికితే అదే జిగురు, కొబ్బరిపాలతో అన్నంలోకి బాగా కలుస్తుంది. శాకాహారులకి ఇదే దిక్కు. అన్నానికి కరువు లేదు, అక్కడివాళ్ళు కూడా డబ్బా ట్యూనాతో రోజూ తినేది అన్నమే. వక్క నమలడం అందరికీ అలవాటు. తమలపాకు బదులు ఆ తీగకి కాసే కాయనీ, విడిగా సున్నాన్నీ వేసుకుంటారు. పచ్చివక్క ఘాటు మనం తినే వక్క లాంటిది కాదు, మొదటిసారి కూర్చుని నమలండి. ఆదివారం మార్కెట్ మూత, ఊరంతా చర్చిలోనే ఉంటుంది, యాత్రలేవీ ఆ రోజు పెట్టుకోవద్దు.

మార్కెట్‌లో గవ్వల డబ్బు దండలు కొనదగ్గవి. మలైతా దీవి లంగలంగ మడుగు ఆడవాళ్ళు గవ్వ పగలగొట్టి, చిల్లు పెట్టి, ఎరుపు రావడానికి వేడిరాళ్ళ మీద కాల్చి గుచ్చుతారు. ఇప్పటికీ కన్యాశుల్కం వాటితోనే ఇస్తారు. కొత్త దండకీ వాడిన దండకీ ధర తేడా ఉంటుంది, అడిగి తెలుసుకోండి.

కొనకూడనివి తూటాలూ, సైనికుల గుర్తింపు బిళ్ళలూ, హెల్మెట్ ముక్కలూ. యుద్ధ అవశేషాలకి చట్టరక్షణ ఉంది, అనుమతి లేకుండా దేశం దాటించకూడదు. పేలని బాంబులు ఇంకా నేలలో ఉన్నాయి. 2021లో హొనియారాలోనే వంట కోసం పెట్టిన మంట కింద ఒకటి పేలి మనుషులు పోయారు. దారి వదిలి పొదల్లోకి దిగొద్దు, కొత్తచోట నేల మీద నిప్పు పెట్టొద్దు. భారత పాస్‌పోర్టుతో బ్రిస్బేన్ మీదుగా వచ్చేవాళ్ళకి, వేరే ఆస్ట్రేలియా వీసా లేకపోతే, ఆస్ట్రేలియా ట్రాన్సిట్ వీసా తప్పనిసరి. అది ఉచితం, ఏజెంటు దానికి డబ్బులడిగితే ఏజెంటుని మార్చండి.