పద్దెనిమిదేళ్లు వాడిన గీజర్ గురించి, దాన్ని తయారుచేసిన చేతుల్లో ఒకడిగా

మా బాత్రూమ్ గోడకున్న 25 లీటర్ల గీజర్‌కి ఈ ఏడాది పద్దెనిమిదేళ్లు నిండాయి. నేను పదకొండేళ్లు పనిచేసిన ఫ్యాక్టరీలో, నా కళ్ల ముందు తయారైన బ్యాచ్‌లోది. కంపెనీ పేరు రాయడం లేదు. మెచ్చుకోవాల్సిన విషయాలూ తప్పుపట్టాల్సిన విషయాలూ రెండూ ఉన్నాయి.

ముందు పనితీరు. ఎలిమెంట్ 2000 వాట్లు. 25 డిగ్రీల నీళ్లు 60 డిగ్రీలకు రావడానికి అరగంట, ఒక యూనిట్ కరెంటు. మొదటి రోజు అంతే, నిన్న కూడా అంతే. ఇన్నేళ్లలో ఎలిమెంట్ రెండుసార్లు, థర్మోస్టాట్ ఒకసారి మార్చాను. ట్యాంకు మాత్రం ఒక్క చుక్క కారలేదు. గీజర్‌లో మిగతావన్నీ మార్చుకోవచ్చు, ట్యాంకు చిల్లు పడితే మాత్రం మొత్తం పారేయాల్సిందే. అందుకే నా దృష్టిలో గీజర్ అంటే ట్యాంకే.

నేను చేరేనాటికి మా సీనియర్లు రాగి ట్యాంకుల కాలం గురించి చెబుతుండేవారు. రాగి రేకు చుట్టి, అతుకులు వేసి, లోపల కళాయి పూసేవారట. వేడి పోకుండా చుట్టూ గ్లాస్ ఊల్ కప్పేవారు. దాన్ని ముట్టుకున్న చేతులు సాయంత్రం దాకా దురద పెట్టేవని చెప్పేవారు. తర్వాత స్టీలు ట్యాంకు, లోపల గాజు పూత, చుట్టూ ఫోమ్ వచ్చాయి. నా పని ఆ గాజు పూత సెక్షన్‌లో.

గాజు పొడిని మట్టితో, నీళ్లతో కలిపి చిక్కటి పిండిలా చేస్తాం. ట్యాంకులో పోసి, అన్ని వైపులా అంటేలా తిప్పి, మిగిలింది వంచేస్తాం. ఆరాక దాదాపు 850 డిగ్రీల ఫర్నేస్‌లోకి పంపితే గాజు కరిగి స్టీలును పట్టేసుకుంటుంది. చల్లారేటప్పుడు స్టీలు గాజుకన్నా ఎక్కువ ముడుచుకుంటుంది కాబట్టి పూత ఎప్పుడూ నొక్కుడులో ఉంటుంది. గాజు నొక్కుడును బాగా తట్టుకుంటుంది, లాగుడును తట్టుకోలేదు. అందుకే గీజర్ బిగించేటప్పుడు సుత్తితో తట్టవద్దని అందరికీ చెబుతుంటాను.

మమ్మల్ని నిద్రపోనివ్వనిది ‘చేప పొలుసు’ అని మేం పిలిచే లోపం. స్టీలు పీల్చుకున్న హైడ్రోజన్ చల్లారాక బయటికి రావాలని చూస్తుంది. దారి లేక పూతను అర్ధచంద్రాకారంలో పెచ్చులుగా ఎగరగొడుతుంది. ఫర్నేస్ నుంచి వచ్చినప్పుడు అద్దంలా ఉన్న ట్యాంకు రెండు రోజుల తర్వాత పెచ్చులూడి కనిపించేది. డిస్పాచ్‌కి ముందు అది బయటపడితే అదృష్టం. ఆ టెన్షన్ నాకు ఇప్పటికీ కలల్లో వస్తుంది.

కొత్తవాళ్లకు చరిత్ర చెప్పడం మా ట్రైనింగ్‌లో భాగం. 1868లో లండన్‌లో బెంజమిన్ మాన్ గ్యాస్ మంటతో నీళ్లు కాచే పరికరం చేసి దానికి ‘గీజర్’ అని పేరు పెట్టాడు. ఐస్‌లాండ్‌లో ఎగజిమ్మే వేడినీటి ఊట పేరది. పొగ బయటికి పోయే గొట్టం దానికి లేదు, మూసిన గదిలో ప్రాణాంతకం. 1889లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో, నార్వే నుంచి వచ్చిన ఎడ్విన్ రూడ్ తనంతట తాను పనిచేసే స్టోరేజ్ హీటర్ రూపొందించాడు. ఎలిమెంట్ లోపలి తీగ సంగతి ఆల్బర్ట్ మార్ష్ పుణ్యం. నికెల్, క్రోమియం కలిపిన నిక్రోమ్‌కు 1906లో పేటెంట్ వచ్చింది. ఎర్రగా కాలినా తుప్పు పట్టని తీగ అది.

అన్నిటికన్నా నన్ను పట్టేసిన కథ ఇంగ్లండ్ రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీది. ఓడల అడుగున తొడిగిన రాగి రేకు సముద్రపు నీటిలో తుప్పుతో అరిగిపోతుంటే, దానికి జింకు గానీ ఇనుము గానీ తగిలిస్తే ముందు అవే కరిగి రాగిని కాపాడతాయని 1824లో చూపించాడు. మన గీజర్‌లోని మెగ్నీషియం యానోడ్ రాడ్ చేసేది సరిగ్గా అదే. ఎంత జాగ్రత్తగా పూసినా గాజు పూతలో సూదిమొన అంత రంధ్రాలు మిగులుతాయి. అక్కడ స్టీలు తుప్పు పట్టకుండా, దాని బదులు రాడ్ కరిగిపోతుంది.

ఇంత తెలిసీ మొదటి అయిదేళ్లు నేను రాడ్ చూడలేదు. ఎలిమెంట్ కాలిపోయిందని తెరిస్తే, రాడ్ స్థానంలో నడిమి ఇనుప చువ్వ ఒక్కటే ఉంది. ఆ రోజు నిజంగా భయపడ్డాను. అప్పటి నుంచి మూడేళ్లకోసారి మారుస్తున్నాను. ఉప్పు నీళ్లున్న ఇళ్లలో ఏటా తెరిచి చూడాలి. కంపెనీ మీద నా పెద్ద ఫిర్యాదు ఇక్కడే. ఈ మోడల్‌లో రాడ్ ఎలిమెంట్ ఉన్న ఫ్లాంజ్‌కే, అంటే ట్యాంకు మూతపలకకే, ఉంటుంది. నీళ్లన్నీ ఖాళీ చేసి, వైర్లు విప్పి, గ్యాస్కెట్ కొత్తది వేయాలి. వారంటీ కార్డులో రాడ్ గురించి ఉన్నది ఒక్క వాక్యం, అదీ చిన్న అక్షరాల్లో. రాడ్‌ను విడిగా విప్పుకునేలా ఇవ్వండని కంపెనీలో ఉన్నప్పుడే అడిగాం, జరగలేదు.

ఇంకో మాట. ఎలిమెంట్‌పై తెల్ల పొర కడితే నీళ్లు కాగడం ఆలస్యమవుతుందని అందరూ అంటారు. నిజానికి ఆ వేడి చివరికి నీళ్లలోకే పోతుంది. పొర అడ్డుపడటంతో ఎలిమెంట్ లోలోపల మరింత కాలి త్వరగా పోతుంది, అంతే. ఎలిమెంట్ పై గొట్టం పగిలితే నీళ్లకు కరెంటు వస్తుంది కాబట్టి ఎర్తింగ్, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ లేకుండా గీజర్ వేయవద్దు. సేఫ్టీ వాల్వ్ కాగేటప్పుడు కాస్త కారడం లోపం కాదు. 25 లీటర్లు వేడెక్కితే పావు లీటరుకు పైగా పెరుగుతాయి, వెనక్కి పోనీయని వాల్వ్ ఉన్నచోట ఆ నీళ్లకు దారి కావాలి. చుక్కలు పడుతున్నాయని దాన్ని మూసేసిన ఇళ్లు చూశాను. దయచేసి ఆ పని చేయకండి.

పోయిన నెల మళ్లీ తెరిచాను. రాడ్ సగం మిగిలింది, అయినా కొత్తది వేశాను. బిగించే ముందు ఫ్లాంజ్ రంధ్రంలోంచి టార్చి వేసి చూశాను. కోబాల్ట్ కలిపిన గాజు కదా, లోపలంతా ముదురు నీలం. ఫర్నేస్ దగ్గర నిలబడి చూసినప్పుడు ఎలా మెరిసిందో అలాగే ఉంది.