పోగు, కడ్డీ, బొట్టు: కాలువ నీటిలో పురుగుమందుల జాడ పట్టడానికి ఏది మేలు?

భారత తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500:2012 క్లోర్‌పైరిఫాస్ అనే పురుగుమందును లీటరుకు 30 మైక్రోగ్రాముల వరకు అనుమతిస్తుంది. ఆల్డ్రిన్, డైఎల్డ్రిన్‌లకు మాత్రం 0.03 దగ్గరే గీత గీస్తుంది. ఇంత తక్కువ మోతాదు యంత్రానికి కనబడాలంటే అవశేషాన్ని ముందుగా నీటిలోంచి బయటికి లాగి చిక్కబరచాలి. పాత పద్ధతిలో లీటరు నీటిని ప్రతిసారీ 60 మిల్లీలీటర్ల చొప్పున డైక్లోరోమీథేన్ అనే ద్రావణితో మూడుసార్లు గిలకరించి, ఆపై ఆ ద్రావణిని ఆవిరి చేస్తారు. అవశేషాన్ని అతి కొద్ది పదార్థంలోకి లాగే సూక్ష్మ నిష్కర్షణ పద్ధతులకు పది మిల్లీలీటర్ల నీరే చాలు.

వీటిలో మొదటిది 1990లో కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయం నుంచి ఆర్థర్, పావ్లిషిన్‌లు ప్రకటించిన సాలిడ్ ఫేజ్ మైక్రోఎక్స్‌ట్రాక్షన్. సిలికోన్ పూత పూసిన సన్నని పోగును నీటిలో ముంచి, అది పీల్చుకున్నదాన్ని నేరుగా గ్యాస్ క్రొమటోగ్రాఫ్ (పదార్థాలను ఆవిరిగా మార్చి విడదీసే యంత్రం) వేడిలో వదిలిస్తారు. ద్రావణి అక్కర లేదు, పని అంతా యంత్రానికే అప్పగించవచ్చు. అయితే పోగు పెళుసు, ధర ఎక్కువ. 1999లో వచ్చిన స్టిర్ బార్ పద్ధతిలో అదే సిలికోన్‌ను నీటిలో తిరిగే అయస్కాంతపు కడ్డీకి తొడుగుతారు.

ఈ రెంటికీ ఉన్న అసలు తేడా సిలికోన్ పరిమాణంలో ఉంది. వంద మైక్రాన్ల పూత ఉన్న పోగు మీద అది అర మైక్రోలీటరుకు కాస్త ఎక్కువ. చిన్న కడ్డీ మీద సుమారు 24 మైక్రోలీటర్లు. ఆక్టనాల్–నీటి విభజన గుణకాన్నే (పదార్థం నీటిలో కంటే నూనెలాంటి ఆక్టనాల్‌లో ఎన్ని రెట్లు చేరుతుందో చెప్పే అంకె) సిలికోన్‌కూ వర్తింపజేసి, పది మిల్లీలీటర్ల నీటికి లెక్క వేస్తే, నూనె స్వభావం గల క్లోర్‌పైరిఫాస్‌లో పోగు దాదాపు నాలుగింట మూడొంతులు, కడ్డీ దాదాపు మొత్తం లాగగలవు. అంతగా నూనె స్వభావం లేని కలుపుమందు అట్రజీన్ దగ్గర పోగుకు చిక్కేది రెండు మూడు శాతమే, కడ్డీకి సగం. ఇదంతా ఇక పీల్చుకోవడం పెరగని సమతాస్థితి వరకు ఆగితే వచ్చే లెక్క; కడ్డీ అక్కడికి చేరడానికి గంటలు పట్టవచ్చు.

ఇరాన్ పరిశోధకులు 2006లో ప్రకటించిన డిస్పర్సివ్ ద్రవ-ద్రవ పద్ధతిలో నిరీక్షణే లేదు. ఐదు మిల్లీలీటర్ల నీటిలోకి అసిటోన్‌తో కలిపిన కొన్ని మైక్రోలీటర్ల క్లోరోబెంజీన్‌ను సిరంజితో వేగంగా చిమ్మితే నీరు మబ్బుగా మారుతుంది. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే అడుగున ఒక బొట్టు దిగుతుంది. పరికరాల ఖర్చు స్వల్పం, సాంద్రత వందల రెట్లు పెరుగుతుంది. అయితే క్లోరిన్ గల ద్రావణి విషపూరితం, పైగా క్లోరిన్ గల పదార్థాలను పసిగట్టే ఎలక్ట్రాన్ క్యాప్చర్ డిటెక్టర్‌ను ముంచెత్తుతుంది.

కృష్ణా డెల్టా వరి కాలువల్లో వానాకాలం పారే బురద నీటికి ఈ బొట్టు పద్ధతి ఇబ్బందికరం, ఎందుకంటే మన్ను కూడా బొట్టుతో పాటే అడుగుకు చేరుతుంది. వడకడితే మన్ను పోతుంది, దానికి అంటుకున్న క్లోర్‌పైరిఫాస్ కూడా పోతుంది. అప్పుడు నివేదికలోని అంకె కరిగి ఉన్న భాగానిదే అవుతుంది, ఆ మాట నివేదికలో రాయకపోవడం నా దృష్టిలో పెద్ద లోపం.

కాబట్టి తేటనీటిని అప్పుడప్పుడు పరీక్షించే కళాశాల ప్రయోగశాలకు బొట్టు పద్ధతి చాలు. రోజూ నమూనాలు వచ్చే చోట, నమూనాలను తానే ఎక్కించే ఆటోశాంప్లర్ ఉంటే, పోగుదే పైచేయి. ఆల్డ్రిన్ వంటివాటి అతి తక్కువ హద్దులకు నేను కడ్డీనే ఎంచుకుంటాను. నీటిలో సులభంగా కరిగే మోనోక్రోటోఫాస్ మాత్రం సిలికోన్‌కు దాదాపు చిక్కదు, క్లోరోబెంజీన్‌కూ అంతంతమాత్రమే. దాని హద్దు లీటరుకు ఒక మైక్రోగ్రామే గనుక, నమూనాను నేరుగా, ద్రవంలోనే విడదీసి అణువుల బరువును బట్టి గుర్తించే ఎల్‌సీ-ఎంఎస్/ఎంఎస్ యంత్రంలోకి ఎక్కించడం మేలు.