యెజ్డీ, బుల్లెట్, ఆర్‌ఎక్స్ 100: ఇంట్లో విప్పి కట్టుకోవడానికి ఏది మేలు?

మా సందు చివర ఒక కారు షెడ్డు ఉంది. దాంట్లో కారు మాత్రం ఎప్పుడూ లేదు. రెండేళ్ళుగా మా ఆదివారాలన్నీ అక్కడే. నా యెజ్డీ రోడ్‌కింగ్, మా బావ కాస్ట్ ఐరన్ బుల్లెట్, ఎదురింటి కుర్రాడి యమహా ఆర్‌ఎక్స్ 100, ఈ మూడు పాత మోటారు సైకిళ్ళనీ అక్కడే విప్పాం. ఇప్పుడు రెండు బళ్ళు రోడ్డు మీద తిరుగుతున్నాయి. మూడోది ఒక్క కిక్కుకే స్టార్టవుతుంది గానీ షెడ్డు గేటు దాటదు. ఎందుకో తర్వాత చెప్తాను.

మేం ముగ్గురం మెకానిక్కులం కాదు. విజయవాడ ఆటోనగర్‌లో నలభై ఏళ్ళు లేత్ మీద పనిచేసి ఇంటిపట్టున ఉంటున్న ఒక పెద్దాయన, ఆయన పరిచయం చేసిన నలుగురైదుగురు పాతబళ్ళ పిచ్చోళ్ళు, వాళ్ళిచ్చిన ధైర్యం, అంతే. ఇప్పుడు మమ్మల్ని చూసి ఇంకొందరు అడుగుతున్నారు: "అన్నా, నేనూ ఒక పాత బండి కొని ఇంట్లోనే చేసుకుందామనుకుంటున్నా. ఏది కొనమంటావ్?" ఏది అందంగా ఉంటుందని అడిగితే నా దగ్గర జవాబు లేదు, అది ఎవరి కళ్ళు వాళ్ళవి. మన చేత్తో ఏది పూర్తవుతుందంటే మాత్రం చెప్పగలను.

ముందు నా బండి సంగతి. యెజ్డీ అంటే మైసూరు జావానే. ఇరానీ కుటుంబం 1960లో మైసూరులో పెట్టిన ఐడియల్ జావా ఫ్యాక్టరీ, చెకొస్లొవేకియా జావా 250ని ఇక్కడ తయారు చేసింది. 1973 నుంచి పేరు యెజ్డీ అయింది, 1978లో రోడ్‌కింగ్ వచ్చింది, 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. ఇంజను టూ స్ట్రోక్. అంటే గాలీ పొగా దారులు తెరిచి మూసే వాల్వుల్లేవు, వాటిని ఆడించే టాపెట్లు లేవు, టైమింగ్ చెయిన్ లేదు. రోడ్‌కింగ్‌కి ఆయిల్ పంపు కూడా లేదు, పెట్రోల్లోనే ఆయిల్ కలపాలి. నేను లీటరుకు 40 మిల్లీలీటర్లు పోస్తున్నా. హెడ్డు (సిలిండర్ పైమూత), బ్యారెల్ (సిలిండర్) తియ్యడానికి ఇంజను ఫ్రేము నుంచి దించక్కర్లేదు. మొదటి ఆదివారం మధ్యాహ్నం భోజనాల వేళకే పిస్టన్ నా చేతిలో ఉంది. పుట్టి బుద్ధెరిగాక ఒక ఇంజను లోపల చూడటం నాకదే మొదలు. గేరు రాడ్డునే పైకి తిప్పితే కిక్ రాడ్ అయ్యే ఆ ఏర్పాటును విప్పి చూసినప్పుడైతే, ఇది ఆలోచించినవాడికి దణ్ణం పెట్టాలనిపించింది.

సులువు అన్నాను కదా అని మోసపోకండి. టూ స్ట్రోక్ ఇంజనుకి క్రాంకు (పిస్టన్ తిప్పే ఇరుసు) గది గాలి చొరబడకుండా ఉండాలి. అక్కడి ఆయిల్ సీళ్ళే దాని ప్రాణం. కొత్త పిస్టన్, కొత్త రింగులు, బోరింగ్ (సిలిండర్ లోపలి గోడ చెక్కించడం) అన్నీ చేయించి, సీలు "బాగానే ఉందిలే" అని వదిలేశాను. స్టార్ట్ చేస్తే సందంతా పొగ, దోమల మందు బండి వచ్చిందనుకుని పిల్లలు పరిగెత్తుకొచ్చారు. కార్బొరేటర్ మూడుసార్లు విప్పాను. చివరికి పెద్దాయనకి ఫోన్ చేస్తే ఒక్కటే అడిగారు: "గేర్ ఆయిల్ ఎంతుందో చూశావా అబ్బాయ్?" చూస్తే సగానికి సగం లేదు. క్లచ్ వైపు సీలు పోతే ఇంజను గేర్‌బాక్సులో ఆయిల్ని లోపలికి లాగి కాల్చేస్తుందట. ఆ సీలు మార్చాలంటే క్రాంకు చివరనుండే పళ్ళచక్రం, ప్రైమరీ స్ప్రాకెట్, ఊడాలి. అది టేపరు (సన్నగిలే కొస) మీద బిగుసుకుని ఉంటుంది, సుత్తితో కొడితే క్రాంకుకే ఎసరు. దాన్ని లాగి ఊడదీసే పనిముట్టు, తగ్గ పుల్లరు, కావాలి. బజారులో అడిగితే ఎవరూ తెలియదన్నారు. తెనాలి నుంచి ఒక జావా ఆయన ఆ పుల్లరుని పాత బనీను గుడ్డలో చుట్టి బస్సులో పంపించారు. ముఖపరిచయం కూడా లేదు మాకు. "పనయ్యాక నూనె రాసి పంపండి" అన్నారంతే.

బుల్లెట్‌ది వేరే లోకం. 1955 నుంచి మద్రాసులో తయారై, 2009-10 ప్రాంతంలో కొత్త అల్యూమినియం ఇంజను వచ్చేదాకా దాదాపు అదే నమూనాలో నడిచిన బండి. కాస్ట్ ఐరన్ అంటాం గానీ ఆ ఇనుము సిలిండర్‌దే, హెడ్డు అల్యూమినియమే. 346 సీసీ, బోరు (సిలిండర్ లోపలి వెడల్పు) 70, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 90 మిల్లీమీటర్లు. ఆ పొడుగు స్ట్రోకు వల్లే ఆ గుండె దడలాంటి చప్పుడు. పాత బళ్ళలో గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. మా బావ ఆ అలవాటులో నా యెజ్డీ తీసుకెళ్ళి ఒకసారి కొబ్బరిబొండాల బండి దాకా ఆగలేదు.

ఇంటిపనికి బుల్లెట్‌లో ఒక పెద్ద సుఖముంది. ఇంజను వేరు, గేర్‌బాక్సు వేరు, రెండిటినీ బోల్టులతో కలిపారు. గేర్లలో ఏదైనా తేడా వస్తే గేర్‌బాక్సు ఒక్కటే దించుకుని బల్ల మీద పెట్టుకోవచ్చు. టాపెట్లు సర్దడం కూడా పిల్లాడికి నేర్పించే పని: ఇంజను చల్లగా ఉన్నప్పుడు వాల్వుని ఆడించే పుష్ రాడ్ వేళ్ళతో తేలిగ్గా తిరగాలి, పైకీ కిందికీ ఆడకూడదు, అంతే. కష్టం ఎక్కడంటే, భాగాలు ఎక్కువ. రెండు వాల్వులు, వాటి గైడ్లు, క్యాములు, ఆయిల్ పంపులు, ప్రతిదాన్లోనూ కాస్తంత అరుగుదల, ఆ కాస్తంతలన్నీ కలిసి ఒక పెద్ద చప్పుడు. పైగా కొన్ని నట్లు అంగుళాల కొలతలవి. మిల్లీమీటర్ల పానా పట్టించి బలంగా లాగితే మూలలు గుండ్రంగా అరిగి కూర్చుంటాయి. మొదట్లో మేం అలా నాలుగు పాడుచేశాం. కిక్కు సంగతి మరీ చెప్పాలి. అమ్మీటరు ముల్లు మధ్యకి తెచ్చి, సిలిండర్లో ఒత్తిడి వదిలే డీకంప్రెసర్ నొక్కి పిస్టన్‌ని పైకొస దాటించి, అప్పుడు కొట్టాలి. ప్లగ్గు నిప్పురవ్వ ఎప్పుడు రావాలో చూసే పాయింట్ల టైమింగ్ ముందుకుంటే కిక్ రాడ్ తిరిగి తంతుంది. మా బావ ఒకసారి వారంరోజులు కుంటుతూ తిరిగాడు.

ఆర్‌ఎక్స్ 100 గురించి తక్కువే చెప్తాను, ఎందుకంటే పనిపరంగా అది చాలా సులభం. ఎస్కార్ట్స్‌తో కలిసి యమహా 1985 చివర్లో తెచ్చింది, 1996 దాకా నడిచింది. 98 సీసీ, 11 హార్స్‌పవర్, బండి మొత్తం బరువు నూరు కిలోల పైచిలుకు. ఇంజను ఒక్క మనిషి చంకలో పెట్టుకుని మేడెక్కొచ్చు. చూసుకోవాల్సిందల్లా ఆయిల్ పంపు. దాని పైపులో గాలి బుడగ ఉండిపోయినా ఇంజనుకి ఆయిల్ అందక పిస్టన్ పట్టేస్తుంది. కుర్రాడు నెలన్నరలో పని పూర్తి చేశాడు, అదీ ఇంజనీరింగ్ పరీక్షల మధ్యలో.

విడిభాగాల విషయంలో ముగ్గురికీ మూడు రకాల తలనొప్పులు. బుల్లెట్ సామాన్లు ఎక్కడైనా ఉంటాయి: హైదరాబాద్ పుత్లీబౌలీలో, చెన్నై పుదుపేటలో, ఢిల్లీ కరోల్‌బాగ్‌లో. అంత ఎక్కువగా దొరకడమే దాని జబ్బు. ఒకే వాల్వ్ గైడు మూడు ధరల్లో చూపిస్తారు, చూపుకి మూడూ ఒకటే. మా బావ చౌకది తెచ్చి హెడ్డు రెండుసార్లు విప్పాడు. యెజ్డీకి ఇంజను సామాను కొత్తగా తయారుచేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. రేకుపని సామాన్లు, అంటే ఒరిజినల్ చెయిన్ కవర్లు, మడ్‌గార్డులు, సైలెన్సర్ల కోసమే వేట. ఆ సింగిల్ సిలిండర్‌కి రెండు సైలెన్సర్లు కదా, ఖర్చూ రెండింతలే. ఆర్‌ఎక్స్‌కి సామాన్లు దొరుకుతాయి గానీ "జపాన్ ఒరిజినల్" అనే మాట వింటే జేబు పట్టుకోవాలి. మొదట్లో జపాన్ నుంచి విడిభాగాల కిట్లు తెచ్చి బిగించిన మాట నిజమే. ఆ మాటను పట్టుకునే ఇప్పుడు ఏది పడితే అది అమ్ముతున్నారు.

లేత్ పని మాత్రం ఎవరికైనా బయటే. బోరింగ్, కనెక్టింగ్ రాడ్ మార్చి క్రాంకు ఆట తీయించడం, ఇవి షెడ్డులో కావు. చేసేవాడి చెయ్యి ముఖ్యం. పిస్టన్ కొని ఇచ్చి, దానికి కొలిచి బోరు తియ్యమనాలి. బోరు తీసేసి పిస్టన్ వెతుక్కోకూడదు.

నిజానికి బండి కన్నా ముందు చూసుకోవాల్సింది ఆ బండి చుట్టూ ఉన్న మనుషుల్ని. మాకు ఇది ఆలస్యంగా తెలిసింది. బుల్లెట్‌వాళ్ళు ఎక్కడైనా పదిమంది కనిపిస్తారు, పదిమందీ సాయానికొస్తారు, పది రకాలుగా చెప్తారు. ఒకాయన పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ పెట్టమంటాడు, ఇంకొకాయన అది పాపమంటాడు. చివరికి మా బావ ఒక్కరి మాటే వినాలని నిర్ణయించుకున్నాకే బండి కుదుటపడింది. ఆర్‌ఎక్స్ కుర్రాళ్ళకి చెయ్యి తిరిగిన పనితనముంది, కానీ ధ్యాసంతా స్పీడు మీదే. సైలెన్సర్ కొయ్యి, పోర్టు పెద్దది చెయ్యి, పెద్ద కార్బొరేటర్ వెయ్యి. ఉన్నదాన్ని ఉన్నట్టు నిలబెట్టాలనేవాడు వాళ్ళలో తక్కువ. జావా, యెజ్డీవాళ్ళు సంఖ్యలో తక్కువే గానీ, ఫ్యాక్టరీ మూతపడి ముప్పై ఏళ్ళు కావస్తుండటంతో ఒకరినొకరు అంటిపెట్టుకునే ఉన్నారు. జూలై రెండో ఆదివారం జావా రోజంటూ ఊరూరా కలుస్తారు. ఆ కలయికకి వెళ్తే ఒక పూటలో ఏడాది తెలివి వస్తుంది. కాస్త చాదస్తం మాత్రం ఉంది. నా ట్యాంకు మీద గీత అరంగుళం కిందికి ఉందని ఒకాయన నన్ను ఇప్పటికీ క్షమించలేదు.

ఇక కాగితాలు. కుర్రాడి ఆర్‌ఎక్స్ గేటు దాటనిది ఇందుకే. అమ్మినతను ఆర్‌సీ చూపించాడు, ఫ్రేము నంబరు సరిపోయింది, సంబరంగా కొనేశాడు. ఇంజను మీద పేరుకున్న మురికి కడిగి చూస్తే నంబరు వేరు. ఎవరి ఇంజనో, ఏ బండిదో తెలియదు. ఆర్‌ఎక్స్‌కి ఇప్పుడున్న గిరాకీ వల్ల ఇలా కలిపికుట్టినవి చాలానే తిరుగుతున్నాయి. కాబట్టి కొనేటప్పుడు వైర్ బ్రష్షు, కాస్త పెట్రోలు పట్టుకెళ్ళండి. ఇంజను నంబరు, ఫ్రేము నంబరు రెండూ శుభ్రంగా తుడిచి ఆర్‌సీతో సరిచూశాకే డబ్బు మాట ఎత్తండి. ఆర్‌సీ గడువు పదిహేనేళ్ళకి ముగిసుంటే బండిని తనిఖీకి చూపించి అయిదేళ్ళకోసారి రెన్యువల్ చేయించుకోవాలి, అదేమంత పెద్ద గండం కాదు. అసలు ఆర్‌సీయే లేని బండి జోలికి మాత్రం ఊరికే ఇచ్చినా వెళ్ళొద్దు.

వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించొచ్చు కదా అంటారు. 2021లో కేంద్రం తెచ్చిన ఆ నిబంధన యాభై ఏళ్ళు దాటి, అసలు రూపం మారని బళ్ళకే. ఫీజు 20 వేలు, పదేళ్ళు చెల్లుతుంది, నంబరులో వీఏ అనే అక్షరాలొస్తాయి. మైసూరులో మొదట్లో వచ్చిన జావాలకు ఇప్పుడే వర్తిస్తుంది. తొలి ఆర్‌ఎక్స్‌లకు 2035 దాకా ఆగాలి. అయితే ఆ నంబరు తీసుకుంటే బండిని ప్రదర్శనలకి, ర్యాలీలకి, మరమ్మతులకి, పెట్రోలుకి తప్ప రోజూ తిప్పకూడదు. ఆఫీసుకెళ్దామనుకునేవాళ్ళకి అది పనికిరాదు.

రంగు విషయంలో నా తప్పొకటి చెప్తాను. ట్యాంకు మీద ఒరిజినల్ రంగు సగం పైనే బతికుంది. కొత్తగా మెరవాలని మొత్తం గీకించేశాను. ఇప్పుడు మెరుస్తోంది, నిన్ననే షోరూములో కొన్నట్టుంది, నాకు నచ్చట్లేదు. మా బావ తెలివిగా బుల్లెట్ ట్యాంకుని లోపల తుప్పు మాత్రం కడిగించి, బయట రుద్ది వదిలేశాడు. అందరూ దాని దగ్గరే నిలబడి ఫోటోలు దిగుతారు.

మూడిట్లో ఒకటి ఎంచుకోమంటే, మొదటిసారి చేత్తో పట్టేవాళ్ళకి నా ఓటు యెజ్డీకే, రోడ్‌కింగ్ గానీ పాత యెజ్డీ క్లాసిక్ గానీ. విప్పడం తేలిక, అడిగితే చెప్పేవాళ్ళున్నారు, ధర ఇంకా పూర్తిగా చెయ్యిదాటలేదు. ఆదివారం కాదు, రోజూ తిరగాలంటే, మీ ఊళ్ళో నమ్మకమైన బుల్లెట్ మెకానిక్ ఒక్కడున్నా బుల్లెట్ తీసుకోండి. దారిలో ఆగిపోయినా సామాను దొరుకుతుంది. ఆర్‌ఎక్స్‌ని ఈ ధరల్లో నేను సిఫారసు చెయ్యను. తెలిసినవాళ్ళింట్లో మొదటి ఓనరు బండి దొరికితే తప్ప. ఏది తీసుకున్నా, ఇప్పటి పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది కాబట్టి పాత రబ్బరు పైపులన్నీ మార్చండి. బండిని నెలల తరబడి ఆపేటప్పుడు ట్యాంకూ, కార్బొరేటర్ కప్పూ ఖాళీ చెయ్యండి.

ఇంట్లోనే నాన్నగారిదో తాతగారిదో బండి మూలన పడి ఉంటే ఈ లెక్కలేవీ అక్కర్లేదు, అది రాజ్‌దూత్ అయినా సరే, దాంతోనే మొదలుపెట్టండి. ఉత్సాహం ఆపుకోలేక కిక్ మాత్రం కొట్టకండి. తుప్పు పట్టిన రింగులు సిలిండర్ని గీరేస్తాయి. ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలో రెండు చెంచాల ఇంజనాయిలు పోసి, ప్లగ్గు మళ్ళీ పెట్టి, వచ్చే ఆదివారం దాకా వదిలెయ్యండి.