రైజెన్ మాస్టర్: ఓవర్‌క్లాకింగ్‌కి కొత్తవాళ్లు వాడొచ్చా?

ప్రాసెసర్‌ని కంపెనీ పెట్టిన స్పీడు కంటే ఎక్కువ స్పీడుతో నడిపించడమే ఓవర్‌క్లాకింగ్. దానికోసం బయోస్‌లోకి (విండోస్ మొదలవకముందే తెరుచుకునే సెట్టింగుల మెనూ) వెళ్లాలంటేనే టెన్షన్ పడేవాళ్లకి, ఏఎండీ వాళ్లు తమ రైజెన్ ప్రాసెసర్ల కోసం ఇచ్చే రైజెన్ మాస్టర్ సాఫ్ట్‌వేర్ బాగా పనికొస్తుంది, పైగా ఫ్రీ. వేడి, వోల్టేజి, క్లాక్ స్పీడు అన్నీ ఒకే స్క్రీన్ మీద కనిపిస్తాయి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు వారంటీ గురించి హెచ్చరిక వస్తుంది, చదవకుండా ఓకే నొక్కేయకండి. స్పీడు, వోల్టేజి మనమే పెట్టుకునే మాన్యువల్ మోడ్ జోలికి పోకుండా, కర్వ్ ఆప్టిమైజర్‌లో (ఏ స్పీడుకి ఎంత వోల్టేజి ఇవ్వాలో సర్దే సెట్టింగు) ప్రాసెసర్‌లోని అన్ని కోర్లకీ మైనస్ 10 పెట్టి మొదలుపెట్టండి. వోల్టేజి కాస్త తగ్గుతుంది, ఆ మిగిలిన వెసులుబాటుతో చిప్పే తనంతట తాను స్పీడు పెంచుకుంటుంది. ప్రాసెసర్‌కి గట్టిగా పని పెట్టి పరీక్షించే సినీబెంచ్ అరగంట ఆగకుండా నడిచిందని అప్పుడే సంబరపడొద్దు, ఎందుకంటే ఈ సెట్టింగు తేడా కొడితే చాలాసార్లు సిస్టమ్ ఖాళీగా ఉన్నప్పుడే, బ్రౌజర్‌లో ఏదో చదువుకుంటుంటే ఠక్కున రీస్టార్ట్ అవుతుంది. అలా అయితే మైనస్ 5కి వచ్చేయండి. నాకు నచ్చనిది ఒకటే, విండోస్‌లో తప్ప పనిచేయదు.